తువ్వాల కింద పవరు బేరం

మా బావ దేవరాజులు గొప్పవాడని చెప్పేవాళ్ళు పుంగనూరు చుట్టుపక్కల చాలామందే ఉన్నారు. వాళ్ళెవరూ ఆయనతో కలిసి ఒక పొద్దంతా బస్సుల్లో తిరిగినవాళ్ళు కారు. ఆయన వెంట కండ్లద్దాలు కొనడానికి పోయినవాళ్ళు అసలే కారు. ఆ భాగ్యం నా ఒక్కడికే పట్టింది. కాబట్టి ఆయన కథ చెప్పే హక్కు కూడా నాదే.

ఆయన మా అక్క మునిలక్ష్మమ్మ మొగుడు. పశువుల దళారి. సంతలో ఆవును కొనేవాడు ముందు దాని నోరు తెరిపించి పళ్ళు చూస్తాడు. పళ్ళు చెప్పిందే వయసు, అమ్మేవాడు చెప్పింది కాదు. ఆ పళ్ళు చూడటంలో మా బావ పెట్టింది పేరు. ఆయన చూసి "సరే" అంటే పలమనేరు నుంచి మదనపల్లె దాకా రైతులు మారుమాట లేకుండా పగ్గం పట్టుకుంటారు. ఇంతవరకు నేనూ ఒప్పుకుంటాను.

ఒప్పుకోనిది ఆయన బుర్రను. సంతలో బేరం ఎట్లా చేస్తారో చూసినవాళ్ళకు తెలుసు. అమ్మేవాడూ దళారీ చేతులు కలుపుతారు, పైన తువ్వాల కప్పుతారు. లోపల వేళ్ళు పట్టి నొక్కితే అది అసలు ధర. పైకి మాత్రం ఇద్దరూ వేరే ధరలేవో అరుస్తుంటారు, చుట్టూ మూగినవాళ్ళకు లెక్క తెలియకుండా. ఈ పని చేసీ చేసీ మా బావకు ఒక జబ్బు పట్టుకుంది. నోటితో పైకి చెప్పిన అంకె ఏదైనా సరే అబద్ధమని ఆయన నమ్మకం. అసలుది ఎక్కడో తువ్వాల కింద ఉంటుంది, వేళ్ళు నొక్కి దాన్ని బయటికి లాగాలి.

డాక్టరు అయిదు దినాలు మాత్రలు వేసుకోమంటే "మూడు దినాలకు చేసుకోప్పా" అంటాడు. నా పెండ్లికి తెల్లవారుజామున ముహూర్తం పెడితే, ఎండ వచ్చినాక పెట్టమని అయ్యవారితో బేరానికి దిగి, పీటల మీద కూర్చోబోయే నన్ను అందరి ముందూ నవ్వులపాలు చేశాడు. అయ్యవారు తగ్గలేదు. "లోపల ఇంకో ముహూర్తం పెట్టుకోనుండాడు" అని మా బావ ఇప్పటికీ అంటాడు.

ఆయన మీద నాకు కోపం లేదు, జాలి అంతకన్నా లేదు. ఉన్నదల్లా చులకన. దాన్ని దాచుకోవాల్సిన పని బామ్మర్దికి లేదు.

పోయినేడు ఆయన తమలపాకుకు సున్నం రాసుకుంటూ, ఆకు మీద ఎంత పడిందో కనపడక, ఇంతేసి మెత్తుకుని నోరంతా పొక్కించుకున్నాడు. రెండు మూడు దినాలు మజ్జిగ తప్ప ఏమీ దిగలేదు. అక్క అప్పుడు పట్టుకుంది.

"నీకు దగ్గరుండేది కనపడ్డంలేదు. యాల దాస్తావు?" అంది.

"సున్నం తెల్లగా ఉండాది, అందుకే కనపడలేదు" అన్నాడాయన.

నాకు అంతకు ముందే తెలుసు. ఒకసారి సంతలో చూశాను. ఎద్దు నోరు తెరిచి, తన తల వెనక్కి వంచి, ఏదో ఆకాశం వైపు ఆలోచిస్తున్నట్టు ముఖం పెట్టాడు. బొటనవేలు మాత్రం లోపల పళ్ళ మీద ఈ కొస నుంచి ఆ కొస దాకా నడుస్తోంది. అరిగింది, కదిలేది, కొత్తగా మొలిచింది, అన్నీ వేలికి తెలిసిపోతున్నాయి. కండ్లు ఎప్పుడో చేతులెత్తేశాయి, వేలు నెట్టుకొస్తోంది. ఆ వేలి పుణ్యాన ఆయన మాట ఒక్కటీ తప్పు పోలేదు. జనం మాత్రం "దేవరాజులన్న చూసే పనే లేదు, అట్ల చెప్పేస్తాడు" అని నోరెళ్ళబెట్టేవాళ్ళు. జనమూ అంతే, మా బావకు తగ్గ జనం.

ఆ రోజుల్లోనే అమరావతి అనే ఆమె మా బావ ఇంటికి వచ్చింది. బైరెడ్డిపల్లె అవతల పల్లె ఆమెది. మొగుడు పోయాడు. పాలు పోసి బతుకుతోంది. ఉన్న ఒక్క ఆవూ జబ్బు తగిలి చచ్చిపోయింది. చేతిలో ఉన్నదీ, మెడలో ఉన్నదీ కలిపి ఇంకో ఆవును కొనాలి. అది సరిగ్గా లేకపోతే మళ్ళీ కొనే శక్తి లేదు. మా అక్క ఇచ్చిన కాఫీ కూడా తాగకుండా వాకిట్లో నిలబడి మాట్లాడింది.

"అన్నా, నాకు పశువు సంగతి తెలిసినా సంత సంగతి తెలీదు. నువ్వు నోరు సూసి సరే అంటేనే కొంటాను. ఇది తప్పు పోతే నేను కూలికి పోవల్సిందే."

"నేనుండాను గదమ్మా" అన్నాడు మా బావ, సున్నంతో పొక్కిన నోటితోనే.

ఆమె పోయినాక అక్క నన్ను పిలిపించింది. పుంగనూరులో నాకు చిల్లర అంగడి ఉంది. అంగడి మూసుకుని రమ్మంది. "ఆయమ్మ ఆవును కొనకముందే ఈయనకి అద్దాలు రావల్ల. నువ్వే తోడుకోని పో. ఒంటరిగా పంపితే అద్దాలకి బదులు మేకపోతును తెస్తాడు" అంది. అక్కకు మొగుడంటే ఏమిటో నాకంటే బాగా తెలుసు.

ముందు మదనపల్లె పోయాము. అక్కడ బస్టాండు దగ్గర కొత్తగా పెద్ద కండ్లద్దాల అంగడి పెట్టారు. అంతకు ముందు అది చెప్పుల అంగడి. ఇప్పుడు ఏసీ, తెల్లటి లైట్లు, గోడల నిండా ఫ్రేములు, ఎక్కడ చూసినా అద్దాలే. లోపలికి పోయినవాడికి ముందుగా కనిపించేది తన ముఖమే. అది చూసుకున్నాక ఎవరికైనా ఏదో ఒకటి కొనాలనే అనిపిస్తుంది.

చంద్రిక అనే పిల్ల మా బావను కూర్చోబెట్టి, ముక్కు మీద బరువైన గుండ్రటి ఇనుప చట్రం పెట్టి, అందులో బిళ్ళ తర్వాత బిళ్ళ మార్చింది. చేతికి ఒక అట్ట ఇచ్చింది. దాని మీద పైన పెద్ద అక్షరాలు, కిందికి పోయేకొద్దీ చీమ తలకాయంత. ఒక బిళ్ళ పడేసరికి మా బావ కింద వరస దాకా గడగడా చదివేశాడు. తర్వాత అట్ట దించి తన బొటనవేలు చూసుకున్నాడు. వేలి మీద పగుళ్ళు, ఎప్పుడో ఎద్దు కొరికిన మచ్చ, గోటి సందున మట్టి. కాసేపు తిప్పి తిప్పి చూసుకున్నాడు.

"కనపడతాందా సార్?" అంది ఆ పిల్ల.

"కనపడతాందమ్మా. అన్నీ కనపడతాండాయి."

"రెండున్నర పవర్ వచ్చింది సార్. రెండు కండ్లకీ."

ఆ అంకె వినపడగానే మా బావ ముఖం మారింది. చట్రం తీసేశాడు. ఓనరును పిలవమన్నాడు.

ఓనరు పవన్ కుమార్ వచ్చాడు. బిగుతు చొక్కా, మెడలో ఏదో కార్డు. వచ్చీ రాగానే మొదలుపెట్టాడు. రోజుకు ఎంతసేపు ఫోను చూస్తారు సార్ అన్నాడు. మా బావ జేబులోంచి బటన్ల ఫోను తీసి చూపించాడు. అయినా సరే నీలి వెలుతురును ఆపే లెన్సు తీసుకోవాల్సిందేనట, లేకపోతే కండ్లు పాడవుతాయట. చిన్న నీలం టార్చి వేసి, దాని ముందు ఒక గాజు బిళ్ళ అడ్డం పెట్టి, వెలుతురు ఆగిపోయిందని చూపించాడు. సంతలో మూడు ముక్కలాటవాడు ఇంతకంటే నిజాయితీగా ఆడతాడు. మా బావ మాత్రం "బలే ఉండాదే!" అన్నాడు. ఓనరు గీత పడని పూత అన్నాడు, దానికీ మా బావ తలూపాడు. నీళ్ళు నిలవని పూత అన్నాడు, దానికీ తలూపాడు. ఒకటి కొంటే ఇంకొకటి ఉచితం అన్నాడు, రెండోది ఎవరికని కూడా అడగలేదు.

అన్నీ అయినాక మా బావ గొంతు తగ్గించి అన్నాడు. "అంతా బాగుండాదప్పా. పవరు ఒక్కటి తగ్గించు."

"పవర్ తగ్గించడమా?"

"ఆ పాప రెండున్నర చెప్పింది. చెప్పేది అట్లే చెప్తారు, నాకు తెలీదా. ఒకటిన్నరకి చేసుకో. మేము మళ్ళీ మళ్ళీ వచ్చేవాళ్ళం."

పవన్ కుమార్ అర్థం కాక నా వైపు చూశాడు. నేను గోడ మీది ఫ్రేముల వైపు చూశాను. చివరికి అతనికి తెలిసిన ఒకే భాషలో జవాబిచ్చాడు. "పవర్ మీద డిస్కౌంటు లేదు సార్. ఫ్రేము మీద ఉండాది."

మా బావ భుజం మీది తువ్వాల తీశాడు. పవన్ కుమార్ చెయ్యి పట్టుకుని, పైన తువ్వాల కప్పి, ఒక వేలు పట్టి గట్టిగా నొక్కాడు. ఆ అబ్బాయి చెయ్యి లాక్కోవాలని చూశాడు. మా బావ వదల్లేదు. పెద్ద పెద్ద ఎద్దులను పట్టిన చెయ్యి అది. పక్కన ఫ్రేములు చూస్తున్న ఒకడు ఫోను తీసి వీడియో పట్టడం మొదలుపెట్టాడు. చంద్రిక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"సార్, అది మేము పెట్టే రేటు కాదు సార్, మీ కండ్లలో ఉండేది" అంది ఆ పిల్ల నవ్వాపుకుని.

ఆ అంగడిలో ఆ పొద్దు పలికిన నిజం అదొక్కటే. మా బావ అబద్ధాలన్నింటికీ తలూపి, ఆ ఒక్క నిజంతో బేరమాడాడు. బేరం తెగలేదని లేచి వచ్చేశాడు.

బయట టమోటా లారీల పక్కన నిలబడి నాకు పాఠం చెప్పాడు. "సూసినావా, ఎంత గట్టిగా నిలబడినాడో? అంత గట్టిగా నిలబడినాడంటే లోపల ఇంకా చానా ఉండాదని అర్థం."

"బావా, ఆ పవరుతో నీకు కనపడింది గదా."

"కనపడింది. ఎక్కువ పెడితే ఎవురికైనా కనపడతాది. తక్కువలో కనపడాల, అదీ లెక్క."

మరుసటి వారం పుంగనూరులోనే భీమరావు దగ్గరికి తీసుకుపోయాను. భీమరావు అంగడిలో గడియారాలు బాగు చేస్తారు, బ్యాటరీలు అమ్ముతారు, వీటి మధ్యలో కండ్లద్దాలూ ఇస్తారు. కొత్తవాళ్ళెవరూ పోరు. పాతవాళ్ళు మొహమాటానికి పోతారు. ఆయన పంచె కొసతో బిళ్ళలు తుడిచి, రేడియో వింటూనే మా బావ కండ్లు చూసి, రెండుంకాలు అన్నాడు. ఆయన పెట్టెలో రెండున్నర బిళ్ళ ఎప్పుడో పగిలిపోయింది. దాని చోట ఖాళీ గుంట ఉంది, నేను చూశాను. ఉన్నవాటిలో దగ్గరది చెప్పాడు, అంతే.

మా బావ మోచేత్తో నన్ను పొడిచాడు. "మదనపల్లె నుంచి పుంగనూరుకు వచ్చేసరికే పావు దిగింది, సూడు."

తర్వాత తువ్వాల తీశాడు. భీమరావు మదనపల్లె అబ్బాయిలాంటివాడు కాదు. తువ్వాలను లాగి బయట పారేశాడు.

"ఏమప్పా, పవరంటే ఏమన్నా టమోటానా, సాయంత్రానికి తగ్గేదానికి? కావాలంటే పెట్టుకో, లేకుంటే తడుముకుంటా పో!"

వీధిలో అందరూ విన్నారు. నేను తువ్వాల ఏరుకొచ్చాను. మా బావకు సిగ్గేమీ వేయలేదు. ఊరు చిన్నదయ్యేకొద్దీ సరుకు రేటు దిగుతుందని ఆయనకు తెలుసు. పట్నంలో రెండున్నర, పుంగనూరులో రెండుంకాలు. ఇంకొంచెం దూరం పోతే ఇంకా దిగుతుంది. "కుప్పం పోదాం. ఆడ మనుషులు మంచోళ్ళు" అన్నాడు. అక్క ముఖం చూసి వెంట నడిచాను.

పలమనేరులో బస్సు మారి కుప్పం పోయేసరికి మధ్యాహ్నం దాటింది. రైల్వే స్టేషను పోయే దారిలో పురుషోత్తం అంగడి ఉంది. బయట చలువ కండ్లద్దాలు తోరణాల మాదిరి వేలాడదీసి ఉన్నాయి. యంత్రమేమీ లేదు. పురుషోత్తం మా బావ భుజం మీది తువ్వాలను చూశాడు, చేతులు చూశాడు, కాళ్ళకు అంటిన పేడ చూశాడు. కండ్లు మాత్రం చూడలేదు. చూడాల్సిన పని లేదనుకుని ఉంటాడు.

"రాన్నా, సంత మనిషివా? మా నాయన కూడా సంతల్లో తిరిగినోడే" అని ఎదురు కుర్చీ లాగాడు. "వాళ్ళంతా ఎంత చెప్పినారు?"

"రెండు" అన్నాడు మా బావ, అలవాటు కొద్దీ తగ్గించి.

"అయ్యయ్యో. రెండా? మనిషిని గుడ్డోణ్ణి చేసేదానికా?" అని తన తువ్వాలే తీసి మా బావ చెయ్యి మీద కప్పాడు.

రొట్టె విరిగి నేతిలో పడింది. ఇద్దరూ సంతలో మాదిరి అరుచుకున్నారు. "ఒకటిముక్కాలు కంటే తగ్గదన్నా!" అని పురుషోత్తం, "నా వల్ల కాదప్పా, పోతాండాను!" అని మా బావ. లోపల వేళ్ళు ఇంకేదో మాట్లాడుకుంటున్నాయి. మా బావ ముఖం వెలిగిపోతోంది. అంత సంతోషంగా ఆయన్ని నా పెండ్లిలో కూడా చూడలేదు. చివరికి తువ్వాల తీశారు. బేరం అర పవరుకు తెగింది.

అర అంటే వట్టి గాజుకు ఒక మెట్టు పైన. దాన్ని పురుషోత్తం బంగారు రంగు ఫ్రేములో బిగించాడు. చెవుల పక్కన నెమలి బొమ్మలున్న ఆ ఫ్రేమును ఏండ్ల తరబడి ఎవరూ ముట్టినట్టు లేదు, దుమ్ము ఊదాల్సి వచ్చింది. మా బావ ముక్కుకు తగిలించి, ఎదురుగా గోడ మీది క్యాలెండరు చూడమన్నాడు. అందులో అంకెలు అరచెయ్యంత ఉన్నాయి. పక్కింటివాళ్ళు వాళ్ళ వాకిట్లోంచి చదువుకోవచ్చు.

"పద్నాలుగు! పదిహేను!" అని అరిచాడు మా బావ.

నేను ఊరుకోలేదు. జేబులోంచి బస్సు టికెట్టు తీసి ఆయన ముక్కు కింద పెట్టాను. "ఇది చదువు బావా."

కండ్లు చికిలించాడు, చెయ్యి దూరంగా పెట్టాడు, దగ్గరికి తెచ్చాడు. "బస్సు దిగినాక టికెట్టు యాల చదవల్ల?" అన్నాడు.

"ఈ అద్దాలు పెట్టుకున్నా ఒకటే, పెట్టుకోకున్నా ఒకటే. సంతలో వీటిని నమ్మినావంటే మునుగుతావు. ఏలుతోనే సూసుకో" అన్నాను పురుషోత్తం వింటూండగానే.

పురుషోత్తం నవ్వాడు. "వయసు తక్కువోళ్ళకి తొందరెక్కువ. రెండు దినాలు పోతే కండ్లే అలవాటు పడతాయన్నా."

"నువ్వు చింతపండు అమ్ముకో బామ్మర్దీ" అన్నాడు మా బావ. వాళ్ళిద్దరూ ఒకరి భుజం ఒకరు తట్టుకున్నారు. దొందూ దొందే. ఒకడు కండ్లు చూడకుండా అద్దాలమ్మాడు, ఇంకొకడు చూపు లేకుండా కొన్నాడు.

అక్కతో జరిగిందంతా చెప్పాను. ఆమె మొగుణ్ణి నిలదీసింది. "మూడు ఊర్లు తిరిగి నేను తెచ్చుకున్నవి, నీకేం తెలుసు" అని ఆయన పంచె సర్దుకున్నాడు. అప్పటి నుంచీ స్నానానికి తప్ప ఆ నెమళ్ళను తీయలేదు. టీ అంగడిలో కూర్చుని, రెండున్నర చెప్పినవాళ్ళ చేత అరకు ఎట్లా దింపించాడో వచ్చినవాళ్ళకూ పోయినవాళ్ళకూ చెప్పేవాడు. వినేవాళ్ళు ఔరా అనేవాళ్ళు. ఒకరిద్దరు కుప్పం అంగడి అడ్రసు కూడా అడిగి తీసుకున్నారు.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. అద్దాలు రాకముందు ఆయనకు కండ్లు లేవు, వేలు ఉంది. అద్దాలు వచ్చినాక ఆ వేలూ పోయింది. అద్దాలున్న మనిషి వేలు పెట్టి తడమడం ఏమిటి, నామోషీ కాదా? నోరు తెరిపించి, నెమళ్ళు మెరిసేటట్టు వంగి చూసి, తల ఆడించడం నేర్చుకున్నాడు.

అమరావతి ఆవును కొన్న సంతకు నేను పోలేదు, అంగడి విడిచే వీలు కాలేదు. జరిగింది తర్వాత ఆమె నోటనే విన్నాను. ఎర్రావు, చూడటానికి పుష్టిగా ఉంది, పొదుగు నిండుగా ఉంది. అమ్మేవాడు ముందు రోజు నుంచీ పాలు పిండకుండా నిలిపి తెచ్చాడని తర్వాత కదా తెలిసింది. మా బావ నోరు తెరిపించాడు. వంగాడు. చూశాడు. "లేత నోరమ్మా. ఇంకా రెండు మూడు ఈతలు ఈనుతాది. కండ్లు మూసుకోని కొను" అన్నాడు. తువ్వాల కింద బేరం తెంచాడు. ఆమె ఉన్నదంతా ఇచ్చి పగ్గం పట్టుకుంది.

మూడు వారాలు పోయినాక ఆమె ఆ ఆవును చిన్న లారీలో ఎక్కించుకుని మా బావ ఇంటికి తెచ్చింది. నేను అక్కకు బియ్యం మూట దించడానికి పోయి అక్కడే ఉన్నాను. ఆమె ఆవును దింపి, నేరుగా తీసుకొచ్చి వాకిట్లో గుంజకు కట్టేసింది. ఆవు డొక్కలు ఎగదీసుకుపోయి ఉన్నాయి. అక్క గడ్డి వేస్తే ఆత్రంగా అందుకుంది. కాసేపు నమిలి, నమిలి, తడి ముద్దను కింద వదిలేసింది. మళ్ళీ అందుకుంది, మళ్ళీ వదిలేసింది.

"మేత నమలలేకుండాది. తిన్నదంతా కింద పడతాంది. పాలు ఒక చెంబు కూడా రావు" అంది అమరావతి. "అన్నా, దీని నోరు ఇంకోసారి సూడు."

మా బావ నెమళ్ళు సర్దుకుని వంగాడు. "పండ్లు బాగనే ఉండాయి గదమ్మా. ఏదో జబ్బు అయ్యుంటాది. ఆవే మోసం చేస్తాండాది."

ఆవు మోసం చేస్తోందట! మాట తప్పిన మనుషులను చూశాను గానీ, నేరాన్ని ఆవు మీదికి తోసినవాణ్ణి ఆ రోజే చూశాను.

అమరావతి ఆయన కుడిచెయ్యి పట్టుకుంది. పరాయి ఆడమనిషి చెయ్యి పట్టుకునేసరికి ఆయన తత్తరపడ్డాడు. ఆమె ఆ బొటనవేలును ఆవు నోట్లో పెట్టింది.

వేలు మొదట కదల్లేదు. తర్వాత పాత అలవాటు ప్రకారం ఈ కొస నుంచి ఆ కొసకు నడిచింది. మధ్యలో ఆగింది. మళ్ళీ వెనక్కి వచ్చింది. ఒక పన్ను వేలికింద ఊగింది. అరిగి చదునైన ముసలి పళ్ళను ఆకురాయితో రాకి, అంచులు తేల్చి, లేత పళ్ళలా చేసి అమ్మేశారు. ఆ గరుకు ఆయన వేలికి తగులుతోంది. ఆ వేలును సంతలో ఒక్కసారి పెట్టి ఉంటే ఆమె బతుకు ఆమెకు ఉండేది.

ఆయన చెయ్యి తీసుకున్నాడు. చాలాసేపు పంచెకు తుడుచుకున్నాడు. తర్వాత ఏం చేశాడనుకున్నారు? భుజం మీది తువ్వాల తీశాడు. అమరావతి ముందు పరిచి, గొంతు తగ్గించి, "అమ్మా, నలుగురిలో వద్దు, మనం మనం ఒక మాట అనుకుందాం" అన్నాడు.

అమరావతి ఆ తువ్వాలను ఆయన చేతిలోంచి తీసి ఆవు వీపు మీద వేసింది.

"దీని కింద నేను చెయ్యి పెట్టనన్నా. ఏముండాదో నోటితో చెప్పు. అందరికీ ఇనపడేటట్టు చెప్పు."

పక్కిళ్ళవాళ్ళు గోడల మీదుగా చూస్తున్నారు. లారీ డ్రైవరు దిగి నిలబడ్డాడు. అక్క తలుపు పట్టుకుని నిలబడి ఉంది, మొగుడికి సాయం రాలేదు. మా బావ నా వైపు చూశాడు. నేను ఏమీ అందించలేదు. జీవితమంతా వేళ్ళతో నిజం చెప్పి నోటితో అబద్ధమాడిన మనిషి, నోరు తెరిచి మూశాడు, మళ్ళీ తెరిచాడు.

"నాకు కనపడలేదమ్మా" అన్నాడు.

"గట్టిగా చెప్పు."

"నాకు కనపడలేదు. సంతలో ఏమీ కనపడలేదు. కనపడినట్టు చెప్పినాను."

అక్క తలుపు వదిలి కొట్టంలోకి పోయింది. తమ పాడి ఆవు పగ్గం విప్పి, దూడతో సహా తోలుకొచ్చి, అమరావతి చేతికి ఇచ్చింది. మొగుణ్ణి అడగలేదు. ఆ ఆవు పాలతోనే ఆ ఇంట్లో కాఫీ, పెరుగు అన్నీ నడిచేవి. అమరావతి అక్క చెయ్యి ఒకసారి ముట్టుకుని, ఆవునూ దూడనూ లారీ ఎక్కించింది. ముసలి ఆవు గుంజకే ఉండిపోయింది.

రెండు దినాలకు మా బావ నా అంగడికి వచ్చాడు. ముక్కు మీద నెమళ్ళు లేవు. "మదనపల్లెకు పోదాం రా" అన్నాడు. అదే అంగడి, అదే చంద్రిక. పవన్ కుమార్ మమ్మల్ని చూసి రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. పాపం, పెట్టుకోనవసరం లేకపోయింది. రెండున్నర అన్నారు, మా బావ తలూపాడు. నీలి వెలుతురు అన్నారు, వద్దన్నాడు. నల్ల ఫ్రేము ఒకటి తీసుకున్నాడు.

ఇంటికి వస్తూనే చెప్పులు కూడా విప్పకుండా కొట్టంలోకి పోయాడు. ముసలి ఆవు ముందు గొంతుక్కూర్చుని దాని నోరు తెరిచాడు. నేను వెనకే నిలబడ్డాను. పళ్ళ మీద ఆకురాయి గీతలు అడ్డంగా, పక్కపక్కన, దున్నిన చాళ్ళ మాదిరి ఉన్నాయి. మంచి కండ్లున్న నాకు నిలబడిన చోటికే కనపడుతున్నాయి.

ఆయన చాలాసేపు చూశాడు. దవడ వదిలేసి, నా వైపు కాదు, అక్క వైపు తిరిగాడు.

"ఇంత తేటగా ఉండాయి గదే. ఇన్ని గీతలు. పట్టపగలు, ఇంత దగ్గర పెట్టుకోని, లేత నోరని చెప్పినానా నేను?"

అక్క చేతిలో గిన్నె ఉంది. దాన్ని ఆయన ముందు పెట్టింది.

"తవుడు నానబెట్టినాను. ముద్దలు లేకుండా కలిపి పెట్టు. అది నమలలేదు" అంది.